మొక్కజొన్న చేలో నా తల

“రెండేళ్ళ కిందటి సీడీ ఉంది కదమ్మా?” అన్నాడు డాక్టరు.

ఉందన్నాను. నా మొహం చూసి బావ కూడా ఉందన్నాడు. బావ అంటే మా ఆయనే, మా మేనమామ కొడుకు. డాక్టరు కొత్త స్కాన్ ఫిల్మును గోడకున్న దీపపు పెట్టెకు తగిలించాడు. నా తలను ఉల్లిపాయలా చక్రాలు చక్రాలుగా కోసి వరసగా పెట్టినట్టుంది. ఒక చక్రంలో, ఎడమ చెవికి పైన, పెసరగింజంత తెల్లమచ్చ. ఆయన కలంతో దాని చుట్టూ గాలిలో సున్నా చుట్టాడు.

“ఇది అప్పుడూ ఉంది. అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంటే పాత మచ్చ. మాత్రలతో సరిపోతుంది. పెరిగి ఉంటే మాత్రం ఊరుకోకూడదు. పుర్రెకు రంధ్రం చేసి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని చెప్పలేను. మంగళవారం ఆ సీడీ పట్టుకురండి.”

పుర్రెకు రంధ్రం అన్నాక ఆయన ఇంకా ఏమేమో చెప్పాడు. నాకు ఒక్క ముక్క వినబడలేదు. విశాఖపట్నంలో ఆసుపత్రి మెట్లు దిగుతూ బావ నా మోచెయ్యి వదల్లేదు. సీడీ ఇంట్లో భద్రంగా ఉందన్న ఒక్క ధైర్యంతో నేను మెట్లు దిగగలిగాను.

అప్పట్లో నేను నరసన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. రెండేళ్ళ ముందు ఎనిమిదో తరగతికి కాంతి పరావర్తనం చెబుతూ చెబుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నోట్లో రక్తపు రుచి, చుట్టూ పిల్లల కాళ్ళు. ఫిట్స్ అన్నారు. శ్రీకాకుళంలో స్కాన్ తీయించాం. మచ్చ కనబడింది. చూస్తూ ఉందామని మాత్రలు రాసిచ్చారు, రెండేళ్ళకు మళ్ళీ స్కాన్ తీయించమన్నారు.

ఇంట్లో ఉండేది మా మావ ఒక్కడే. మా అమ్మకు తమ్ముడు, నాకు మామగారు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. బావ విజయనగరంలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. మావకు ఈ సంగతి చెప్పకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. మావకు ఒక చెల్లెలుండేదట, నేను పుట్టకముందే పోయిన మా చిన్నమ్మ. వంశధార రేవులో బట్టలుతుకుతూ మూర్ఛ వచ్చి నీళ్ళలో పడిపోయింది. అప్పుడు గట్టున కూర్చుని బెల్లంముక్క తింటున్నది మావే. ఇప్పటికీ బస్సు వంతెన మీదికి వచ్చిందంటే మావ కళ్ళు మూసుకుంటాడు. అలాంటి మనిషితో నాకూ అదే జబ్బు అని ఏ నోటితో చెప్పను? ఎండదెబ్బ అని చెప్పాం. నమ్మాడనుకున్నాం.

స్కాన్ ఫిల్ములూ రిపోర్టూ సీడీ ఒక ఫైల్లో పెట్టి మంచం కింద దాచాను. మరుసటి ఏడాది తుపానుకు ఇంటి పెంకులు లేచిపోయాయి, గదిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఫిల్ములన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కలా తయారయ్యాయి. విడదీస్తే బొమ్మ ఊడి వేలికి అంటుకునేది. రిపోర్టు కాగితం ముద్దయిపోయింది. సీడీ ఒక్కటే బతికింది. కడిగి, తుడిచి, నీళ్ళకే చావనిది ఇంక దేనికి చస్తుంది అనుకున్నాను. సైన్సు టీచర్ని మరి! ఇంకో కాపీ తీసి పెట్టమని బావ రెండుసార్లు పోరుపెట్టాడు. బడి కంప్యూటర్లో పెడితే ఎవరో ఒకరు చూస్తారు, నరసన్నపేటలో నా తలగురించి నాకన్నా ముందు అందరికీ తెలుస్తుంది అని నేనే వద్దన్నాను. టీవీ పక్కన పాత సినిమా సీడీల దొంతర ఉండేది. అందులో ఒక పాటల సీడీ అట్టలో నాది పెట్టేశాను. అంతకన్నా మంచి దాపు లేదని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

బావ విజయనగరంలో ఆగిపోతే, ఆదివారం పొద్దున్నే నేనొక్కదాన్నే బస్సు దిగి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పకుండానే టీవీ దగ్గరికి వెళ్ళాను. దొంతర లేదు. ఖాళీ అట్టలు మాత్రం రబ్బరు బ్యాండు వేసి బుద్ధిగా ఒక మూల ఉన్నాయి. నా పాటల సీడీ అట్ట తెరిచాను. ఖాళీ.

మావ పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. గొంతు మామూలుగా పెట్టుకుని అడిగాను. “మావా, టీవీకాడ సీడీలేవి?”

“ఆ రేకులా? సేలో కట్టీసినాను.” వేపపుల్ల తీసి ఉమ్మాడు. “సిలకలు జొన్నపొత్తులు సావగొట్టీస్తన్నాయి కాదేటి. ఆ రేకులు ఆడించే పెట్టి పాడయిపోయి రెండేళ్ళయినాది, పాటలన్నీ మీ ఫోన్లలోకే వచ్చీసినాయి. ఒట్టినే దుమ్మెక్కిపోతన్నాయని అట్టుకెల్లినాను.”

“ఎప్పుడు కట్టావు?”

“ఇరవై దినాలవుతాది గావాల. మెరుపు తగిలితే సిలకలు దరికి రావడంలేదే, సూసినావంటే నవ్వుతావు.”

గదిలోకి వెళ్ళి తలుపేసుకుని స్కాన్ సెంటరుకు ఫోన్ చేశాను. ఆదివారమైనా ఒకమ్మాయి ఎత్తింది. రెండేళ్ళ పాతవి తమ దగ్గర ఉండవనీ, అప్పటి కంప్యూటరే మార్చేశారనీ, అందుకే కదా మేడమ్ సీడీ రాసిచ్చేది అనీ చెప్పింది. ఎంతో మర్యాదగా చెప్పింది. నాకు ఆ మర్యాదకు ఒళ్ళు మండింది.

చేను ఇంటికి పావుగంట నడక. ఆ రోజు పరిగెత్తానో నడిచానో నాకు తెలీదు. “ఏటయినాదే? ఆగవే పిల్లా!” అని వెనక మావ కేకలేస్తున్నాడు. దూరం నుంచే కనబడ్డాయి. నడుమెత్తు దాటిన మొక్కజొన్న మీద వెదురు కర్రలు, కర్రకు కర్రకు నైలాను తాడు, తాడు పొడుగునా గిరగిరా తిరుగుతూ వెలుగులు. ఒక్కో వెలుగూ కంట్లో పొడిచినట్టు తగిలింది. వాటిలో ఒకటి నా తల. ఇరవై రోజులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో తిరుగుతోంది.

దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ రెండువైపులా మెరుస్తున్నాయి. సీడీకి ఒకవైపే కదా మెరుపు, రెండోవైపు బొమ్మో పేరో ఉంటుంది. ఇదేమిటని నేను నిలబడిపోతే, ఆయాసపడుతూ వచ్చిన మావ గొప్పగా చెప్పాడు.

“ఒకేపే మెరిస్తే సిలకలకి తెలిసిపోతాదే. ఒక దినం సూస్తాయి, రెండో దినం దాని మీదే కూకుంటాయి. అందుకే రెండేసి రేకులు ఈపూ ఈపూ కలిపి తుమ్మజిగురుతో అతికించీసినాను. ఎటు తిరిగినా మెరవాల్సిందే. ఈ సుట్టుపక్కల ఎవుడికీ తట్టలేదు.”

ఆ తెలివికి మరొకప్పుడైతే నేనే ముచ్చటపడేదాన్ని. అప్పుడు మాత్రం ఒక జతను ఆపి, రెండు రేకుల మధ్య జిగురునే చూస్తూ ఉండిపోయాను. సీడీలో రాత, అంటే లేజరు చదివే సమాచారం, ఉండేది మెరిసేవైపు అని అందరూ అనుకుంటారు. గీతలు పడకూడదని ఆ వైపే కాపాడతారు. నిజానికి ఆ వైపు ఉన్నది దళసరి ప్లాస్టిక్కు. రాత ఉండేది పేరు రాసే వైపు, వీపు మీద, చర్మం కింద రక్తంలా. దాని మీద పలచటి వెండిపొర, ఆ పొర మీద ఒక పూత. అంతే. జిగురుతో పట్టుకున్నదాన్ని లాగితే పూతతోపాటు వెండి, వెండితోపాటు రాత లేచి వచ్చేస్తాయి. తుపానుకు తడిసిన ఫిల్ములు నా వేళ్ళకు అంటుకున్నట్టే.

అసలు ఏది నాదో ముందు తెలియాలి. పేర్లన్నీ లోపలివైపు అతుక్కుపోయాయి. పదకొండు జతలు, ఇరవై రెండు మొహాలు, అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. ఒక్కో జతనూ ఆపి, నీడలోకి తిప్పి చూడటం మొదలుపెట్టాను. సినిమా సీడీలు అచ్చులో పోసినవి. నొక్కినప్పుడే వాటిలో కంటికానని గుంటలు వరసగా పడతాయి. లేజరు కిరణం గుంట మీద పడితే ఒకలా, చదును మీద పడితే ఒకలా వెనక్కి వస్తుంది. ఆ తేడాల్ని లెక్కగట్టి యంత్రం పాట పాడుతుంది. అవి స్వచ్ఛమైన వెండిరంగులో ఉంటాయి. గుంటల్ని ఎండ పూడ్చలేదు కాబట్టి ఏడాదిపాటు వేలాడినా వాటికేమీ కాదు. స్కాన్ సెంటరులో రాసిచ్చే సీడీలో గుంటలుండవు. పలచగా పూసిన రంగుంటుంది. లేజరు ఆ రంగును చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. కాలిన చోటు, కాలని చోటు, అంతే నా తల. రంగు గనక అది ఎండకు వెలుస్తుంది, తీగ మీద మరిచిపోయిన చీరలాగ. కొంచెం పచ్చఛాయ ఉండటమే దాని గుర్తు.

పచ్చఛాయవి రెండు దొరికాయి. ఒకదానిలో రంగు అంచుదాకా ముదురుగా ఉంది. బావ ఎప్పుడో నిండా పాటలు నింపుకున్నది అది. రాత మధ్య రంధ్రం దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది, రాసినంత మేరా ఒక ఛాయ ముదురుతుంది. రెండోదానిలో ఆ ముదురు రెండు వేళ్ళ వెడల్పే ఉంది. ఇదే. రెండు వేళ్ళ వెడల్పు నేను.

తాడు ముడి విప్పడానికి వేళ్ళు రావడంలేదు. మావ నడుముకున్న కొడవలి తీశాడు. “కొయ్యీనేటి? రెండూ ఊడదీసీసి ఇస్తాను” అంటూ కొడవలి మొనను రెండు రేకుల మధ్యకు తెచ్చాడు.

“ముట్టుకోకు!” అని అరిచాను. చిలకలు కూడా లేచాయనుకుంటా. జన్మలో మావ మీద గొంతెత్తి ఎరగను. కొడవలి ఆయన చేతిలో అలాగే ఆగిపోయింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫిట్స్ వచ్చిందనీ, మచ్చ ఉందనీ, పెరిగిందో లేదో ఈ రేకు చెప్పాలనీ, చెప్పకపోతే తల తెరుస్తారనీ, ఏడుస్తూ మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

మావ గట్టు మీద కూలబడ్డాడు. కాలువలోని నీళ్ళవైపు చూశాడు.

“నాకెందుకు సెప్పలేదే?”

“నువ్వు భయపడతావని.”

“ఇప్పుడు భయపడ్డంలేదేటి నాను?” అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. “ఆ మందుబిల్లలు తలకాయి నొప్పికన్నావు. నమ్మినాను. రెండేళ్ళు ఏ తలకాయి నొప్పి ఉంటాదని నాను అడగాల. అడగలేదు. అడిగితే ఏటి సెప్తావోనని.”

అంటే ఇద్దరం ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోస్తున్నామన్నమాట. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక నా మీదే తెచ్చుకున్నాను.

జిగురు సంగతి తేల్చింది మావే. “తుమ్మజిగురు గదా, నీట్లో ఏస్తే దానంతటదే కరిగిపోతాది. లాగొద్దు. మీ యమ్మా నానూ సిన్నప్పుడు పుస్తకాలకి అట్టలు అదే జిగురుతో ఏసినాం. వానలో తడిస్తే అట్టలు ఊడిపోయీవి” అన్నాడు. ఇంటికి తెచ్చి, స్టీలు బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఆ జతను ముంచి, ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం. మంచు కురిసే నెలలే గాని వానలు లేవు గనక చేలో అన్నాళ్ళూ ఊడకుండా ఉంది, లేకపోతే ఈపాటికి ఎక్కడో రాలిపోయేది. గంట గడిచింది. కదలలేదు. నేను మూడుసార్లు చెయ్యి పెట్టబోయాను, మూడుసార్లూ మావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. రెండో గంటకు నీళ్ళు తేనెరంగుకు తిరిగాయి. పై రేకు తనంతట తానే పక్కకు జారింది.

నా రేకును అరచేతుల మీద ఎత్తాను. వీపు మీద మార్కరుతో రాసిన నా స్కాన్ నంబరు వెలిసిపోయి ఉంది, కానీ ఉంది. మెత్తటి బట్టతో అద్ది, సూర్యుడి వైపు పట్టి చూశాను. వెండిపొర లేచిన చోట సూదిమొనంత వెలుగు కనబడుతుంది. మూడు చుక్కలు. రెండు అంచు దగ్గర, రాత లేని చోట. మూడోది ముదురు చుట్టు లోపల.

“ఏటే? ఏటి కనబడతన్నాది?” అన్నాడు మావ.

“ఒక చిల్లు” అన్నాను. ఆయన చెయ్యి తన నెత్తి మీదికి పోయింది, చిల్లు అక్కడ పడినట్టు.

నరసన్నపేటలో మాకు తెలిసిన కంప్యూటర్ల కొట్టు ఒకటుండేది. ఆదివారమని షట్టరు సగం దించి ఉంటే మావ వంగి లోపలికి దూరి కొట్టాయన్ని బతిమాలాడు. ఆయన సీడీని అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడిచాడు. చుట్టూ తిప్పి తుడిస్తే ఒక్క గీత పడినా ఒకేచోటి రాత పొడుగునా పోతుందట. నిలువు గీతైతే ఒక్కో చుట్టులో కాస్తే పోతుంది, ఆ కాస్తనూ యంత్రం చుట్టుపక్కల రాతను బట్టి పూరించుకుంటుంది. కొత్త కంప్యూటరులో పెట్టాడు. లోపల గిర్రుమంది, ఆగింది, మళ్ళీ గిర్రుమంది. డిస్కు లేదంది తెర.

“అయిపోనాదేటి?” అన్నాడు మావ.

“ఉండు తాతా. కొత్తయి తొందర పడిపోతాయి. ముసిలిదాంట్లో ఏద్దాం. నెమ్మదిగా సదువుతాది.” పైన అలమరలోంచి దుమ్ముపట్టిన పాత డ్రైవు దింపి తీగలు తగిలించాడు.

ముసలిది చదవడం మొదలుపెట్టింది. తెర మీద ఆకుపచ్చ పట్టీ పాకుతోంది. నా తల ముక్కలు ఒక్కొక్కటే పాత రేకులోంచి పెన్‌డ్రైవులోకి వెళుతున్నాయి. సగం దాటాక పట్టీ ఆగిపోయింది. డ్రైవు లోపల నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు. అది ఆ చిల్లు దగ్గరికి వచ్చిందని నాకు తెలుసు. పిల్లలకు కాంతి పాఠం చెప్పేటప్పుడు తిరిగొచ్చే కిరణం బొమ్మే గీసేదాన్ని. తిరిగి రాని కిరణం ఎలా ఉంటుందో ఎప్పుడూ గీయలేదు. ఇలా ఉంటుంది, టక్, టక్ అని. నా మెదడులో ఆ ముక్క ఏదో, మచ్చ ఆ ముక్కలోనే ఉందేమో అనుకుంటే చెమటలు కారిపోయాయి. మావ స్టూలు మీద కూర్చుని తలగుడ్డను రెండు చేతులా మెలిపెడుతున్నాడు.

కొట్టాయన చదవలేని ఫైళ్ళను వదిలేసి మిగతావి లాగాడు. తొమ్మిది రాలేదు. “ఆ తొమ్మిదిట్లో ఏటున్నాదో నాను సెప్పలేనమ్మా. ఒచ్చినవైతే మూడు సోట్ల పెట్టీసినాను” అన్నాడు.

సోమవారం ఎలా గడిచిందో చెప్పను. మంగళవారం పొద్దున్న నేను బయల్దేరుతుంటే మావ నా మొహం చూడకుండా సంచి అందించాడు. పనైన వెంటనే ఫోన్ చేస్తానన్నాను. సరే అన్నాడు.

విశాఖలో బావ కలిశాడు. డాక్టరు పెన్‌డ్రైవు పెట్టి ఒక్కో చక్రం జరిపాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చెవి పైభాగానికి వచ్చేసరికి బొమ్మ లేదు. తర్వాతిదీ లేదు. నేను బావ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. ఆ తర్వాతి చక్రం తెరుచుకుంది. అందులో పెసరగింజ ఉంది. డాక్టరు దాని మీద ఒక గీత పెట్టి కొలిచాడు, కొత్తదాని మీద పెట్టి కొలిచాడు. మరోసారి కొలిచాడు.

“పెరగలేదమ్మా. అంతే ఉంది. పాత మచ్చే” అన్నాడు.

మావకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నరసన్నపేట చేరేదాకా చేస్తూనే ఉన్నాను. ఇంటికి వెళితే ఫోను బియ్యం డబ్బా మీద ఉంది, మనిషి లేడు. నా గుండె మళ్ళీ జారింది. మూడు రోజులుగా అదే పని దానికి.

చేను దగ్గరికి వెళ్ళేసరికి తాళ్ళ మీద ఒక్క వెలుగు కూడా లేదు. రేకులన్నీ విప్పి, జతలు ఊడదీసి, కడిగి, గట్టు మీద తువ్వాలు పరిచి నీడలో ఆరబెట్టి ఉన్నాయి. చేను మధ్యలో మావ నిలబడి అన్నం తినే కంచాన్ని గరిటెతో ఢంఢం అని కొడుతున్నాడు. ఎప్పటినుంచి కొడుతున్నాడో, చొక్కా వీపంతా తడిసిపోయింది. చిలకలు ఒకవైపు లేచి ఇంకోవైపు వాలుతున్నాయి.

“ఇవన్నీ ఎందుకు విప్పేశావు మావా?” అని గట్టు మీంచి కేకేశాను.

“ఏ రేకులో ఎవుల పేనం ఉన్నాదో నాకేటి తెలుసే!” అన్నాడు. అని మళ్ళీ కొట్టడం మొదలెట్టాడు. నా వైపు తిరగలేదు. ఏమైందని అడగలేదు. నేను దగ్గరికి వస్తున్నకొద్దీ ఇంకా గట్టిగా, ఇంకా గబగబా కొడుతున్నాడు. నేను చెప్పబోయేది వినబడకూడదని కొడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఫోను ఇంట్లో పడేసి వచ్చిందీ అందుకే.

ఎదురుగా వెళ్ళి గరిటె పట్టుకున్నాను.

“పెరగలేదు మావా. అంతే ఉంది.”

కంచం ఆయన చేతిలోంచి జారి మట్టిలో పడింది. ఇద్దరం అక్కడే మొక్కల మధ్య కూర్చుండిపోయాం. చప్పుడు ఆగింది కదా, చిలకల గుంపు మొత్తం మా నెత్తి మీదుగా వచ్చి పొత్తుల మీద వాలింది. ఆ సాయంత్రం అవి కడుపునిండా తిన్నాయి. మేం తోలలేదు.